నలభై ఏడో నంబరు యంత్రం

ఆ గేదెను యంత్రమని రాసింది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే తర్వాత ఎవరినీ వేలెత్తి చూపించాల్సిన పని ఉండదు.

పశువులకు ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో చెప్పడం నా వృత్తి. ఒంగోలు దాటాక అద్దంకి దారిలో ఉన్న మేత పరిశోధనా కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉద్యోగిగా చెప్పాను. రిటైరయ్యాక నాలుగేళ్ళుగా అక్కడే కన్సల్టెంటుగా కూర్చుని దాణా కంపెనీలకు చెబుతున్నాను. ఇంట్లో నాకేం పెట్టాలో మాత్రం మా ఆవిడ ఇంతవరకూ నన్ను అడగలేదు.

పన్నెండేళ్ళ కిందటి సంగతి. అరుగుదల మీద పరిశోధనకు నాకొక గేదె కావాలి. అప్పటికి మార్చి నెలాఖరు. పశువుల పద్దు అడుగంటింది. అప్పటి డైరెక్టరు గారు ముచ్చటపడి కుందేళ్ళను కొన్నారు, అందులో అయిపోయింది. యంత్రాల పద్దు మాత్రం నిండుగా ఉంది. రెండు రోజుల్లో వాడకపోతే అదీ పోతుంది.

"పశువు అని రాయకండి, డాక్టరుగారూ. యంత్రం అని రాయండి," అంది స్టోర్సు సోమిదేవమ్మ. అప్పట్లో ఆవిడ గుమాస్తా. కాగితాలంటే ఆవిడకు భక్తి.

"గేదెను యంత్రమని ఎలా రాసేదమ్మా?"

"చేసే పని రాయండి. ఆకారం రాయకండి."

నేను రాశాను. 'జీర్ణక్రియా పరిశీలన యంత్రం, ఒకటి. నల్ల రంగు. రాత్రింబగళ్ళు పనిచేయునది. మేతతో నడుచును.' పై నుంచి ఒక్క ప్రశ్న రాలేదు. మేతతో నడిచే యంత్రం పర్యావరణానికి మేలు అని మెచ్చుకుంటూ మార్జిన్‌లో ఎవరో రాశారు కూడా. మూడో రోజు లారీలోంచి నాలుగేళ్ళ మంచి ముర్రా గేదె దిగింది. ఎడమ కొమ్ము మీద తెల్లరంగుతో 47 అని వేసి, యంత్రాల రిజిస్టర్లో ఎక్కించారు.

తర్వాత శస్త్రచికిత్స చేసి దాని ఎడమ డొక్కలో అరచేయంత రబ్బరు కిటికీ బిగించాం. దానికి మూత ఉంటుంది. మూత తీస్తే లోపల కడుపు కనిపిస్తుంది. కొత్త దాణా ఏదైనా వస్తే ఒక గుప్పెడు నైలాన్ సంచిలో కట్టి, ఆ కిటికీలోంచి లోపల వేలాడదీసి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తాం. ఎంత అరిగిందో, ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. గేదెకు నొప్పి ఉండదు. దాని మానాన అది నెమరు వేసుకుంటూ ఉంటుంది.

పాక చూసుకునే దావీదు దానికి ఎస్తేరు అని పేరు పెట్టాడు. "బైబిల్లో రాణి పేరండీ. దీని నడక చూడండి, మన డైరెక్టరు గారికి కూడా లేదు ఆ నడక," అనేవాడు. పన్నెండేళ్ళూ దావీదే దాన్ని కడిగాడు, మేపాడు, కిటికీ చుట్టూ వేపనూనె రాశాడు. ఇంట్లో పెళ్ళయినా మధ్యలో లేచి వచ్చి నీళ్ళు పెట్టి పోయేవాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే కథ కుంటుతుంది. కంపెనీవాళ్ళు దాణా తెచ్చి, గేదె ఇష్టంగా తింటుందో లేదో చూస్తామని ఎదురుగా నిలబడేవాళ్ళు. ఎస్తేరుకు నోరు ఎక్కువ, అంటే ఇష్టాయిష్టాలు ఎక్కువ. నచ్చకపోతే తొట్టిని ముట్టెతో నెట్టేస్తుంది. అందుకని ఆ రోజుల్లో దావీదు తొట్టి అంచుకు కాస్త బెల్లంనీళ్ళు పూసేవాడు. నేనే పూయమన్నాను. అది అంచు నాకుతుంటే కంపెనీవాళ్ళు ఫొటోలు తీసుకునేవాళ్ళు. నేను 'మెరుగుపరచుకునే అవకాశం కలదు' అని రిపోర్టు రాసేవాణ్ణి. నా నాలుగేళ్ళ కన్సల్టెంటు జీవితంలో బాగాలేదు అని ఒక్కసారీ రాయలేదు. అలా రాసినవాణ్ణి మళ్ళీ పిలవరు.

సరే, ఈ ఏడు పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. దాని పేరు ఆధునికీకరణ పక్షోత్సవం. సోమిదేవమ్మ ఇప్పుడు స్టోర్సు ఆఫీసరు. కళ్ళజోడు పైకి జరుపుకుని చదివింది.

"'పది సంవత్సరములు నిండిన ఏ యంత్రమైననూ, పనిచేయుచున్ననూ పనిచేయకున్ననూ, కాలము చెల్లినదిగా పరిగణించి, దుర్వినియోగమునకు తావు లేకుండా సంఘ సభ్యుల సమక్షమున భాగములుగా విడగొట్టి, ఒక్కొక్క భాగమును తూచి పారవేయవలెను.'"

"మంచిదే. ఆ పాత ఓవెన్ నా చెయ్యి రెండుసార్లు కాల్చింది," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. జాబితా నా ముందు పెట్టింది. ఓవెన్, రెండు త్రాసులు, పిండి మర, నీళ్ళ పంపు. ఆరో వరసలో జీర్ణక్రియా పరిశీలన యంత్రం, నంబరు 47, వయసు పన్నెండు. ఎదురుగా 'విడగొట్టవలెను' అని టైపు కొట్టి ఉంది.

నేను డైరెక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. హయగ్రీవరావుగారు మాకు కొత్త. అంతకు ముందు రోడ్లూ వంతెనలూ చూశారు. పశువుల వైపు వస్తే చెప్పులకు పేడ అవుతుందని పాక దాకా ఎప్పుడూ రాలేదు.

"అది గేదె అండీ," అన్నాను.

"ఆంజనేయులుగారూ, భావోద్వేగాలను విధానాల పరిధిలోకి తీసుకురాకూడదు," అన్నారు ఆయన. "మీకు ఆ యంత్రంతో అనుబంధం ఉండవచ్చు. నాకూ నా మొదటి రోడ్డు రోలరుతో ఉండేది."

"యంత్రం కాదండీ. నిజంగా గేదె. నాలుగు కాళ్ళు, తోక."

"అయితే ఆ మేరకు ధ్రువపత్రం సమర్పించండి. పరిశీలిస్తాం."

పశువుల డాక్టరు నా శిష్యుడే. చూసి, తడిమి, ఇది గేదెయేనని సంతకం పెట్టి ముద్ర వేసి ఇచ్చాడు. ఇలాంటి సర్టిఫికెట్ రాయడం తన సర్వీసులో మొదటిసారి అన్నాడు. డైరెక్టరు గారు దాన్ని రెండుసార్లు చదివారు.

"సంతోషం. ఇప్పుడు రెండు ప్రశ్నలు ఉత్పన్నమవుతున్నాయి. ఒకటి, పశువుల రిజిస్టర్లో లేని గేదె మన ఆవరణలో ఎలా ఉన్నట్టు? అనుమతి లేని పశువును నిబంధనల ప్రకారం బందెల దొడ్డికి తోలాలి. మూడు రోజుల్లో ఎవరూ రాకపోతే వేలం వేస్తారు. రెండో ప్రశ్న ఇంకా తీవ్రమైనది. ఇది గేదె అయితే, నలభై ఏడో నంబరు యంత్రం ఏమైంది? ఎవరు ఎత్తుకుపోయారు?"

పదహారేళ్ళ గేదెను వేలంలో ఎవరు పాడతారో, ఎక్కడికి తోలుకుపోతారో మా జిల్లాలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. రెండో ప్రశ్నకు జవాబు, ఫైలు పట్టుకుని పక్కనే నిలబడ్డ సోమిదేవమ్మ ముఖంలో కనిపించింది. ఆవిడ నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది.

"డాక్టరుగారూ, రెండు నెలల్లో నా రిటైర్మెంటు. ఈ వయసులో నన్ను యంత్రాల దొంగను చెయ్యకండి," అంది.

సర్టిఫికెట్ వెనక్కి తీసుకున్నాను. గేదెను గేదె అని రుజువు చేస్తే ఇద్దరం ఇరుక్కుంటాం, గేదె కబేళాకు పోతుంది. యంత్రమని ఒప్పుకుంటే ముక్కలు చేస్తారు. నేను పన్నెండేళ్ళ కింద తెలివిగా రాశాననుకున్న నాలుగు ముక్కలు ఇంత పని చేశాయి. ఆ సాయంత్రం పాక వైపు వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు దావీదే నా గదికి వచ్చాడు. "ఏందండీ డాట్రుగారూ, ఎస్తేరుని ఇడగొడతారంటగా?"

"నేను చూస్తున్నాలే దావీదూ."

"ఇడగొడితే మళ్ళీ బిగించేది ఎవురండీ?"

ఉత్తర్వు మళ్ళీ తీసి అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివాను. చెల్లుబాటులో ఉన్న సర్వీసు ధ్రువపత్రం గల యంత్రమునకు గడువు పొడిగింపు పరిశీలించవచ్చును అని ఉంది. పోయిన ప్రాణం లేచి వచ్చింది. మా కేంద్రంలో యంత్రాలు బాగుచేసే కాంట్రాక్టు ఒక త్రాసుల కంపెనీది. వాళ్ళ మెకానిక్కును పిలిపించాను. బుద్ధిమంతుడు. స్క్రూడ్రైవరు పట్టుకుని పాకలోకి వచ్చి, గేదెను చూసి, కాగితం చూసి, మళ్ళీ గేదెను చూశాడు. కాగితంలో 47 అని ఉంది, కొమ్ము మీదా 47 అని ఉంది. ఇంక అనుమానం ఎందుకని పని మొదలుపెట్టాడు.

"స్విచ్చి ఎక్కడండీ?"

"స్విచ్చి ఉండదు బాబూ. పొద్దున ఐదింటికి దానంతటదే మొదలైద్ది," అన్నాడు దావీదు.

"ఆపడం ఎట్లా?"

"ఆపగూడదు."

అతను రాసుకున్నాడు. డొక్కకు చెవి ఆనించి విన్నాడు. "లోపల శబ్దం వస్తంది."

"రావాల. రాకపోతే డాట్రుగారికి చెప్తాం."

"వెనకమాల లీకు ఉందండీ."

"అది కూడా ఉండాల్సిందే. కొంచెం పక్కకి జరగండి," అన్నాడు దావీదు, ఒక క్షణం ఆలస్యంగా.

మెకానిక్కు బూట్లు కడుక్కుని, 'ధ్వని సాధారణం, వేడి సాధారణం, స్రావము సహజమని ఆపరేటరు తెలిపినారు, యంత్రము సంతృప్తికరముగా పనిచేయుచున్నది' అని రాసి, కుడి కొమ్ముకు పచ్చ స్టిక్కరు అంటించి వెళ్ళిపోయాడు. ఎస్తేరు ఆ స్టిక్కరును రెండు రోజులు గుంజకేసి రుద్దింది కానీ పోలేదు.

నేను గర్వంగా ఆ కాగితం తీసుకెళ్ళి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన అక్కడే ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని తెరిచారు.

"పొడిగింపును పరిశీలించవచ్చును అని ఉంది. పరిశీలించాం. తిరస్కరించాం. పనిచేస్తున్నంత మాత్రాన పాతది పాతది కాకుండా పోదు, ఆంజనేయులుగారూ. ఆధునికత అనేది ఒక మానసిక స్థితి. బుధవారం సంఘం వస్తోంది. నూటికి నూరు శాతం విడగొట్టామని చూపించాలి. మీ గేదె వల్ల ఎనభై మూడు దగ్గర ఆగిపోతే జిల్లాలో వెనకబడతాం."

"చూశారా, గేదె అన్నారు," అన్నాను.

"వాడుకలో అన్నాను. రికార్డులో అనలేదు."

బుధవారం పదింటికి సంఘం వచ్చింది. అధ్యక్షులు చిదంబరరావుగారు. తెల్లచొక్కా, జేబులో మూడు కలాలు. వెంట పాత ఇనుము కొనే ఖాదర్ బాషా సుత్తులు, రంపాలు, స్పానర్లు వేసుకుని ఆటోలో వచ్చాడు. ఓవెన్ పావుగంటలో ముక్కలైంది. త్రాసులను విడగొట్టి, ఆ ముక్కలను ఇంకో త్రాసులో తూచారు. పిండి మర, నీళ్ళ పంపు అయిపోయాయి. అందరూ పాక వైపు నడిచారు. డైరెక్టరు గారు పాంటు మడుచుకుని జాగ్రత్తగా వచ్చారు.

ఎస్తేరు పడుకుని నెమరు వేస్తోంది. ఇంతమందిని చూసి మర్యాదకు లేచి నిలబడింది. ఖాదర్ బాషా సుత్తి కింద పెట్టేశాడు.

"సార్, నేను ఇనుము మనిషిని. దీంట్లో ఇనుమేడుంది సార్?"

"ఉన్న భాగాలు తీయి," అన్నారు చిదంబరరావుగారు. ఎడమ డొక్క వైపు వంగి చూశారు. "ఇదిగో, రబ్బరు మూత. విడదీయదగిన భాగంలాగే ఉంది. ముందు దీంతో మొదలుపెడితే ప్రక్రియ ప్రారంభమైనట్టు రాసుకోవచ్చు."

ఆ కిటికీ పీకేస్తే డొక్కలో కంత అలాగే ఉండిపోతుంది. కడుపులోది బయటికి వచ్చి, చీముపట్టి, వారం రోజులు నరకం పడి చస్తుంది. ఆ మాట నేను చెప్పేలోపే దావీదు వచ్చి కిటికీ మూత మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"నా చెయ్యి ముందు ఇడగొట్టండి," అన్నాడు. కేకలేమీ వెయ్యలేదు. మామూలుగానే అన్నాడు.

నాకు కోపం వచ్చింది. వాళ్ళ మీద కొంత, నా మీద చాలా. ముప్ఫై ఐదేళ్ళలో ఏ అధికారి ముందూ గొంతు పెంచని మనిషిని, ఆ రోజు పెంచాను.

"పదేళ్ళు నిండితే పనికిరాదంటున్నారు. నాకు అరవై నాలుగు. నేను రిటైరై నాలుగేళ్ళయింది. నన్నెందుకు విడగొట్టలేదు? నన్ను ఏ నిబంధన కింద ఇక్కడ కూర్చోబెట్టారు?"

చిదంబరరావుగారికి నిబంధన అంటే చాలు, కోపం రాదు. "పద్నాలుగో నిబంధన," అన్నారు వెంటనే. "గడువు మీరినప్పటికీ అనుభవము దృష్ట్యా కన్సల్టెంటుగా తీసుకొనవచ్చును. దానికి నాలుగు అర్హతలు."

సోమిదేవమ్మ నా వెనకే ఉంది. చేతిలో నిబంధనల పుస్తకం ఉండనే ఉంది. పేజీ తిప్పి చదవడం మొదలుపెట్టింది.

"'ఒకటి, ఈ సంస్థలో పదేళ్ళకు తగ్గని సేవ.' పన్నెండు ఉందండీ. 'రెండు, గడువు ముగిసి ఉండవలెను.' ఇవాళ మీరే ముగించారు. 'మూడు, క్రమశిక్షణా చర్యలు లేకుండవలెను.' లేవు. 'నాలుగు, విషయములో ప్రత్యక్ష అనుభవము.'" ఆవిడ పుస్తకం దించింది. "దాణా విషయంలో ఇంతకంటే ప్రత్యక్ష అనుభవం మన కేంద్రంలో ఎవరికుందండీ?"

డైరెక్టరు గారు పుస్తకం తీసుకుని ముందుకీ వెనక్కీ తిప్పారు.

"మనిషి అయి ఉండవలెను అని ఎక్కడైనా ఉందా?" అని అడిగారు చిదంబరరావుగారు.

"లేదండీ. అలా రాయాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదనుకుంటాను."

"కన్సల్టెంటుగా తీసుకుంటే నలభై ఏడో నంబరు యంత్రాల రిజిస్టర్లోంచి పోతుందా?"

"పోతుందండీ," అంది సోమిదేవమ్మ.

"అప్పుడు నూటికి నూరు శాతం అవుతుందా?"

"అవుతుందండీ."

డైరెక్టరు గారి ముఖం విచ్చుకుంది. "సంస్థాగత దృక్పథంలో చూస్తే ఇది స్వాగతించదగిన పరిణామం," అన్నారు. ఖాదర్ బాషా సుత్తులు ఆటోలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. చిదంబరరావుగారు మూడో కలం తీశారు. "అయితే ఈ కేంద్రానికి మంజూరైన కన్సల్టెంటు పోస్టు ఒక్కటే. అభ్యర్థులు ఇద్దరు. తులనాత్మక పరిశీలన జరగాలి."

పాక గట్టు మీదే పరిశీలన జరిగింది. ఎస్తేరు దరఖాస్తు నేనే నింపాను, దానికి చెయ్యి తిరగదు కాబట్టి. పరిశీలించిన దాణాలు ఎన్ని అన్న గడిలో వెయ్యికి పైగా అని రాశాను. అది నిజం, వెయ్యికి పైగా నైలాన్ సంచులు దాని కడుపులోంచి నేనే తీశాను. కంపెనీల ఫిర్యాదులు ఉన్నాయా అంటే ఆరు ఉన్నాయి, అదీ రాశాను. నా రిపోర్టులు రెండు వందల పన్నెండు తెప్పించారు. చిదంబరరావుగారు ఓపిగ్గా చివరి పేజీలు మాత్రం చూశారు.

"ఆంజనేయులుగారూ, మీరు రెండు వందల పన్నెండు సార్లూ ఒకే వాక్యం రాశారు."

"అవునండీ."

"మీ మీద ఒక్క ఫిర్యాదూ లేదు."

"లేదండీ."

"ఆవిడ మీద ఆరున్నాయి. స్వతంత్ర అభిప్రాయానికి అవి నిదర్శనంగా సంఘం భావిస్తోంది."

అంతవరకూ అది అది అంటున్నవాళ్ళు ఎప్పుడు ఆవిడ అనడం మొదలుపెట్టారో నేను గమనించలేదు. నాకు అభ్యంతరం ఉంటే చెప్పవచ్చన్నారు. దావీదు ఇంకా మూత మీద చెయ్యి తియ్యలేదు, నా వైపే చూస్తున్నాడు. అభ్యంతరం లేదని నేను సంతకం పెట్టాను. మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. ముప్ఫై ఐదేళ్ళ చదువూ అనుభవమూ ఒక గేదె ముందు రెండు మార్కుల తేడాతో ఓడిపోయాయి. కానీ దావీదు ఆ చెయ్యి తీసి కళ్ళు తుడుచుకున్నప్పుడు, ఓడినందుకు సంతోషం కూడా వేసింది.

ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడ, "మీకంటే అదే నయమని వాళ్ళకు ఇప్పుడా తెలిసింది?" అని వంటింట్లోకి పోయింది.

వారం తిరక్కుండానే డైరెక్టరు గారి దగ్గర్నుంచి ఫోను. కొత్త కన్సల్టెంటు దగ్గరికి మొదటి దాణా వచ్చిందట, ఆవిడ అభిప్రాయం తీసుకోవడంలో సహకరించాలట. సందర్శకుల చీటీ రాయించుకుని లోపలికి వెళ్ళాను. పాక శుభ్రంగా ఉంది. గుంజకు నా గది మీదుండే కన్సల్టెంటు బోర్డే మేకు కొట్టి ఉంది. కంపెనీవాళ్ళు ముగ్గురు కెమెరాతో నిలబడ్డారు. వాళ్ళ పక్కన బస్తా ఉంది.

బస్తా మీద పేరు చూసి నేను ఆగిపోయాను. అది నేను తయారుచేసిన దాణా. పద్దెనిమిదేళ్ళ కింద, ఎస్తేరు రాకముందు, నా సూత్రం ప్రకారం మొదలైంది. దానికి నాకు శాలువా కప్పారు. 'పశువులు అత్యంత ఇష్టముగా తినును' అని బస్తా మీద అచ్చయిన వాక్యం నాదే. అప్పటి గేదె ఎందుకు అంత ఇష్టంగా తిన్నదో నాకూ దావీదుకూ తప్ప ఎవరికీ తెలియదు.

"లాంఛనమే సార్," అన్నాడు కంపెనీ మేనేజరు. "మీదే కదా ఈ దాణా. కొత్త కన్సల్టెంటు గారితో కూడా ఒకమాట అనిపిస్తే బస్తా మీద వేసుకుంటాం."

దావీదు తొట్టి కడిగి తెచ్చాడు. అది కింద పెట్టబోతూ నా దగ్గరగా వచ్చి వంగాడు. "బెల్లంనీళ్ళు పూయమంటారా అండీ?" అని చెవిలో అడిగాడు.

ఎస్తేరు నన్ను చూస్తోంది. నైలాన్ సంచి కోసం కిటికీలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఇలాగే తల తిప్పి చూసేది.

"వద్దులే దావీదూ," అన్నాను.

దావీదు దాణా పోసి పక్కకు జరిగాడు. ఎస్తేరు వంగి ఒకసారి వాసన చూసింది. తర్వాత ముట్టెతో తొట్టిని నెమ్మదిగా నా కాళ్ళ దాకా నెట్టింది.